ఎదురు చుక్కలా, సందు చుక్కలా

మా మేడం ఏ కార్యక్రమం పెట్టాలన్నా ముందు పిల్లల చేత చీటీలు రాయిస్తారు. పేరు రాయనక్కర్లేదు. తెలుసుకోవాలనుకున్నది ఒక్క ప్రశ్నగా రాసి, మడిచి, చాక్‌పీసుల అట్టపెట్టెలో వేయాలి. నేను చదువుకునే రోజుల్లోనూ ఇదే పద్ధతి. అప్పట్లో ఆమె మాకు సైన్సు చెప్పేవారు. ఇప్పుడు విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక ఊళ్ళో హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్. నేను ముత్తుకూరు దగ్గర ఒక కరెంటు ప్లాంటులో మీటర్ల పని చేస్తాను. వేడి ఎంత, ఒత్తిడి ఎంత, ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి అని చూపే మీటర్లు నిజమే చెబుతున్నాయా లేదా అని చూడడం నా ఉద్యోగం.

జనవరి చివర్లో మేడం ఫోన్ చేశారు.

"నీకు ఆఫ్ ఎప్పుడురా?"

"గురువారం మేడం."

"అయితే గురువారం రా. పిల్లలకు ఏదో ఒకటి చూపించాలి. ఉపన్యాసం మాత్రం వద్దు. పోయినసారి ఒకాయన్ని పిలిస్తే సగం మంది నిద్రపోయినారు, మిగిలిన సగం ఎప్పుడైపోతాదా అని నా మొహం చూస్తా కూర్చున్నారు. ఏం తెప్పించాలో, యాడ పెట్టాలో, ఎవరితో మాట్లాడాలో అంతా నువ్వే చూడు. రికార్డు బుక్కుకు కూడా విషయసూచిక రాసినోడివి గదా."

రాసిన మాట నిజమే. దానికి మార్కులు కూడా వేయలేదు ఆమె.

గురువారం స్టాఫ్ రూం బల్ల మీద అట్టపెట్టె బోర్లించి, చీటీలు విప్పి కుప్పలు పెట్టాను. ఆకాశం, సముద్రం, మనిషి ఒళ్ళు, యంత్రాలు, దయ్యాలు, తమాషా. సముద్రం కుప్పలో నాలుగే పడ్డాయి. అది వాళ్ళ ఇళ్ళ వెనకే ఉంది. రోజూ కనిపించేదాని గురించి అడగాలని ఎవరికీ తోచినట్టు లేదు. ఆకాశం కుప్ప మాత్రం ఫ్యాను గాలికి కూలిపోయేంత ఎత్తు లేచింది. సముద్రంలోంచి లేచే సూర్యుడు ఆరిపోడెందుకు? రాలిన చుక్క యాడ పడతాది? చంద్రుడి మీద ఉప్పు పండుతుందా? ఒక్కో చీటీ విప్పుతుంటే, చెవి దగ్గర ఎవరో మెల్లగా అడిగి పక్కకు తప్పుకుంటున్నట్టు ఉండింది.

ఆ కుప్పలో చేరాల్సిన చీటీ ఒకటి నేను తమాషా కుప్పలో వేశాను. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు. "ఆకాశంలో ఉండేవి ఎదురు చుక్కలా, సందు చుక్కలా? మొత్తం ఎన్ని వరసలు?"

మా అమ్మ ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టినవాణ్ణి కాబట్టి ఆ మాటలు నాకు తెలుసు. ఒకదాని కింద ఒకటి నిటారుగా పెట్టుకుంటూ పోతే ఎదురు చుక్కలు. పై వరసలో రెండు చుక్కల నడుమ ఉన్న సందుకు కింద చుక్క పెడితే సందు చుక్కలు. ఆకాశాన్ని పట్టుకుని అట్లా అడిగిన పిల్ల ఎవరో గడుసుదని నవ్వుకుని, చీటీ మేడంకు ఇచ్చాను. ఆమె కూడా నవ్వారు. తర్వాత దాన్ని కిటికీ వైపు తిప్పి ఇంకోసారి చదివారు.

"ఇది నైన్త్ పిల్ల రాత. ఆ పిల్ల తమాషాలు రాయదు."

"మరి ఇదేంది మేడం?"

ఆమె చీటీని ఉన్న మడతలోనే మళ్ళీ మడిచారు. "నైన్తుకూ టెన్తుకూ సాయంత్రం స్టడీ అవర్ పెడతాం. వదిలేటప్పటికి మసక పడతాది. ఆ పిల్ల ఎప్పుడూ ఇంకో పిల్ల బ్యాగు పట్టుకునే పోతా ఉంటాది. నేను స్నేహమనుకున్నా." చీటీని బల్ల మీద పెట్టారు. "చుక్కల్ని చూసినోళ్ళెవరైనా వరసలెన్ని అని అడుగుతారా?"

నా పనిలో మొదట నేర్పేది ఒకటుంది. మీటరు వింత అంకె చూపిస్తే నవ్వి చెడిపోయిందని రాసేయకూడదు. లోపల నిజంగా అంతే ఉందేమో చూడాలి. ఆరేళ్ళుగా చేస్తున్న పని. చీటీ దగ్గర గుర్తు రాలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడం ఆ పిల్లను పిలిపించారు. సన్నగా, పొడుగ్గా ఉంది. తండ్రి వరికోత మిషను నడుపుతాడట. బల్ల మీద తన చీటీని చూసి ముందు మేడం వైపు, తర్వాత తలుపు వైపు చూసింది.

"పేరు రాయనక్కర్లేదన్నారు గదా మేడం."

"అన్నాను. అడక్కూడదు. అయినా అడుగుతా ఉండా. నీకు రాత్రిపూట కనపడదా?"

"పొద్దుగూకితే కనపడదు మేడం. లైటు కింద ఉండేదైతే కనపడతాది. చిన్నప్పటి నించే. నెల్లూరులో కళ్ళాసుపత్రికి తీసుకపోయినారు. పుట్టకతో వచ్చింది, పెరగదు తగ్గదు, అద్దాలు పెట్టినా లాభం లేదన్నారు. పగలు బాగానే కనపడతాది." చివరి మాట పరీక్షలో ఆఖరి జవాబు చెప్పినట్టు గట్టిగా చెప్పింది.

"చుక్కలు?"

"చంద్రుడు కనపడతాడు. చుక్కలు ఎప్పుడూ కనపడలా. ఎట్టుంటాయని మా అవ్వనడిగితే, ముగ్గులో చుక్కల మాదిరే, తెల్లగా, సన్నంగా అనింది. ముగ్గులో అయితే వరస ఉంటాది గదా. అందుకని రాసినా."

గాలితో ఉబ్బే నల్లటి డేరా ఒకటుంటుందనీ, అందులో పడుకుని పైకి చూస్తే పగలే రాత్రి ఆకాశం కనిపిస్తుందనీ, చీటీల్లో ఎక్కువమంది ఆకాశాన్నే అడిగారు కాబట్టి దాన్నే తెప్పించాలనుకుంటున్నామనీ నేను చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"లోపల చీకటేనా సార్?"

"చీకటే."

"అయితే నాకు కనపడతాయా?"

తెలియదన్నాను. కనుక్కుంటానన్నాను. అంతకంటే మంచి మాట ఏదైనా చెప్పి ఉండొచ్చు, కానీ అది కొలవకుండా చెప్పిన అంకె అవుతుంది.

"నాకొక్కదానికే వేరేగా పెట్టొద్దు సార్," అంది. "అందరితో పాటే. ఎవరికీ తెలియకూడదు. నేను బ్యాగు పట్టుకుని నడిచే పిల్లకి ఒక్కదానికే తెలుసు. క్లాసులో తెలిస్తే పేరు పెట్టేస్తారు. ఒకసారి పెట్టినారంటే టెన్త్ అయిపోయేదాకా అదే పేరు."

ఆ మాట నిజమని ముగ్గురికీ తెలుసు. నన్ను ఎనిమిదో తరగతి నించి స్కేలు అని పిలిచేవాళ్ళు.

డేరా ఉన్నాయన నెల్లూరులో ఉంటాడు. నంబరు సంపాదించి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట ఇది: "మీ హాల్లో చీకటి ఉంటాదా తమ్ముడూ?"

నోట్‌బుక్కులో ఒకటి అని వేసి, చీకటి అని రాశాను. అక్కడే కాసేపు పెన్ను ఆగింది. ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఎత్తు పన్నెండడుగులుండాలి. సీలింగు ఫ్యాన్లుంటే రెక్కలు విప్పించాలి. డేరాను నిలబెట్టే బ్లోయరు ఒక్క నిమిషం ఆగకూడదు, ఆగితే ఆకాశం మెల్లగా పిల్లల మీదికి దిగుతుంది. అందుకని ఇన్వర్టరు. పిల్లలు ముప్పై మందికి మించి ఒకేసారి వద్దు. చెప్పులు బయట. బొరుగులు, పల్లీలు జేబుల్లో వద్దు.

"డేట్ శుక్రవారం మాత్రం పెట్టొద్దు. నమాజుకు పోవాల. శనివారమైతే పొద్దున్నించి సాయంత్రం దాకా మీదే."

శనివారం ఆ లైను మీద పనులేమైనా ఉన్నాయా అని ఆ ఊరి లైన్‌మన్‌ను అడిగాను. పనులేమీ లేవన్నాడు. అయితే కరెంటు ఉంటుందన్నమాట అన్నాను. "పని లేదన్నాను సార్, కరెంటు ఉంటాదనలా," అన్నాడు. ఇన్వర్టరు కింద రెండు గీతలు గీశాను.

సముద్రపు గాలికి డేరా ఆరుబయట నిలవదు. స్కూలు గదులు ఎత్తు చాలవు. మిగిలింది ఊరి చివర తుఫాను షెల్టరు. స్తంభాల మీద పైకెత్తి కట్టిన పెద్ద హాలు, వెడల్పాటి మెట్లు. కొలతలు తీయడానికి ఒక మధ్యాహ్నం టేపు పట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. పొడవు, వెడల్పు, ఎత్తు, ఫ్యాన్ల మధ్య దూరం, ప్లగ్గు నించి డేరా మధ్యకు వైరు ఎంత పడుతుందో రాసుకున్నాను. తర్వాత వెలుతురు ఎక్కడెక్కడ నించి వస్తుందో చూడాలని తలుపులూ కిటికీలూ మూసి నేల మీద కూర్చున్నాను.

మొదట కారునలుపు. కాసేపటికి కిటికీ రెక్కల సందుల్లో సన్నటి గీతలు, ఒక మేకు ఊడిన చోట వెలుతురు పోగు. దాంట్లో దుమ్ము నెమ్మదిగా తిరుగుతూ ఉంది. కింద స్తంభాల మధ్య నించి అలల చప్పుడు వచ్చి నేలలోంచి వీపుకు తగులుతున్నట్టుంది. ఒక్కోసారి హాలంతా పడవలాగా కొద్దిగా కదిలినట్టు అనిపించింది. నా కళ్ళు చీకటికి అలవాటు పడుతూ పోయాయి. నా బూట్లు కనిపించాయి, తర్వాత టేపు, తర్వాత నోట్‌బుక్కులో గళ్ళు. అప్పుడు ఆ పిల్ల గుర్తొచ్చింది. ఈ రెండో సంగతి ఆమెకు జరగదు. మొదటి నలుపే ఆమెకు చివరిదాకా.

మేకు ఊడిన చిల్లు మూయడానికి అట్టముక్క అని రాసుకుని, లేచి కిటికీలు తెరిచాను. అవతల సరుగుడు తోట, పడవలు, నీళ్ళ ట్యాంకు, వరిమళ్ళు, అన్నీ ఒకేసారి లోపలికి వచ్చి పడ్డాయి. డాబా మీదికెక్కి చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీశాను. కంప్యూటరులో వాటిని అతికితే డేరా అంచు చుట్టూ ఆ ఊరే నిలబడుతుంది. పిల్లలు తమ ఊరి మీద తమ ఆకాశాన్నే చూస్తారు.

మరుసటి గురువారం నెల్లూరులో డేరా భాయ్ ఇంటికి పోయాను. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాయన కాలం నించి లారీలకు పట్టలు, పెళ్ళిళ్ళకు షామియానాలు కుట్టే కుటుంబం. ఈ డేరా కూడా ఆయన కుట్టిందే. బయట నలుపు, లోపల తెలుపు, మధ్యలో ఇంకో మందం గుడ్డ. వెనక షెడ్డులో దాన్ని నిలబెట్టి ఉంచాడు. వంగి దూరే సొరంగం లాంటి దారి, లోపల గుండ్రటి అద్దం మీద పడి పైకి పరుచుకునే ప్రొజెక్టరు.

"సూది బెజ్జమంత వెలుతురు వచ్చినా మళ్ళీ విప్పి కుట్టినా," అన్నాడు. "నెల్లూరు జిల్లాలో ఇంత మంచి చీకటి ఇంకోచోట దొరకదు తమ్ముడూ."

చుక్కలను లావు చేయాలి, వెలుతురు పెంచాలి అన్నాను.

ఆయన నా వైపు, నేనేదో పెళ్ళి షామియానాకు చిల్లులు పెట్టమన్నట్టు చూశాడు. "లావు చేస్తే అవి చుక్కలెట్ట అవతాయి? ఊళ్ళో పిల్లలు రోజూ ఆకాశం కింద పడుకునేవాళ్ళు. నవ్వుతారు. నా డేరా పరువు పోతాది."

"ఒకరికి తక్కువ కనపడుతుంది భాయ్. ఎవరని అడగొద్దు."

ఆయన చేతిలో ఉన్న దారపు ఉండను కాసేపు తిప్పాడు. "నేనెందుకు అడుగుతా? నా డేరాలో ఎవరి మొహమూ ఎవరికీ కనపడదు," అని లోపలికి దారి చూపించాడు.

ఆ పిల్లను ముందుగా నెల్లూరు తీసుకొచ్చి చూపించడానికి లేదు. పరీక్షించకుండా మీటరు పెట్టడం నాకు అలవాటు లేని పని. అందుకని ప్లాంటులో గ్యాస్ కటింగ్ చేసేవాళ్ళ ముదురాకుపచ్చ అద్దాలు అడిగి తెచ్చుకున్నాను. అవి పెట్టుకుని డేరాలో వెల్లకిలా పడుకున్నాను. ఆకాశం మాయమైంది. ఉందని తెలుసు, పైనే ఉంది, పక్కకు చేయి చాపితే గుడ్డ తగులుతుంది, కానీ ఏమీ లేదు. చుక్కల లావు అనే అంకెను ఒక్కొక్కటే పెంచమని భాయ్‌కు చెబుతూ పోయాను. మూడు, ఏమీ లేదు. ఐదు, ఏదో ఉన్నట్టు, లేనట్టు. ఎనిమిది దగ్గర ఒకటి తేలింది. నీళ్ళ అడుగు నించి లేచినట్టు నెమ్మదిగా వచ్చింది. దాని తర్వాత ఇంకొకటి. నేను అంకె పెంచమనడం మరిచిపోయి వాటినే చూస్తూ పడుకున్నాను.

"బతికుండావా?" అన్నాడు భాయ్. "చీకట్లో నల్లద్దాలు పెట్టుకున్న మొగోణ్ణి నా జన్మలో నిన్నే చూసినా."

ఎనిమిది అని రాసుకున్నాను. అది నా కళ్ళకు అద్దాలు పెట్టి కొలిచిన ఎనిమిది. ఆమె ఎనిమిది ఎంతో నాకు తెలియదు.

శనివారం పొద్దున ఏడింటికే డేరా లేచింది. ముడతలు పడి పడుకున్న నల్లగుడ్డ ఊపిరి పీల్చుకుంటూ, ఒక్కో మడత విప్పుకుంటూ హాలు నిండా పెరిగింది. గోడ పక్కన ఎవరు నడిచినా ఆ గాలికి ఒళ్ళంతా మెల్లగా ఊగింది. అట్టముక్క పెట్టాను. ఫ్యాను రెక్కలు విప్పించాను. ఆరో తరగతి, ఏడు, ఎనిమిది. ఒక్కో తరగతికి ఇరవై నిమిషాలు. నా జాబితాలో గీతలు ఒకటొకటిగా పడ్డాయి. కరెంటు ఒకసారి పోయింది, ఇన్వర్టరు అందుకుంది, లోపలున్న ఎవరికీ తెలియలేదు.

తొమ్మిదో తరగతి మెట్లెక్కింది. లోపల సాయంకాలపు వెలుతురు నింపి ఉంచాకే అందరినీ పంపుతున్నాం కాబట్టి దూరేటప్పుడు ఎవరూ తడబడలేదు. చీటీ రాసిన పిల్ల సొరంగం దారికి ఎడమ వైపు, బ్యాగు పిల్ల పక్కన పడుకుంది. నేను లాప్‌టాప్ దగ్గర, భాయ్ మైకు దగ్గర.

"పిల్లలూ, ఇన్నాళ్ళూ మీ సార్లు మీకు చుక్కలు చూపించినారు," అన్నాడు భాయ్. "ఇవాళ నేను చూపిస్తా."

నవ్వులు ఆగాక పొద్దు వాలడం మొదలైంది. డేరా అంచున వాళ్ళ ఊరు. "అదో మా ఇల్లు." "ఏది, ఆ తొట్టి పక్కనా?" "మా పడవరా, మా పడవ." వరిమళ్ళ మీద ఎరుపు పలచనై, నీలమై, నీలం ముదిరింది. ఆ పది నిమిషాలు నేను కావాలనే సాగదీశాను. ముప్పై మంది ఊపిరి, బ్లోయరు చప్పుడు, కింద అలలు, మూడూ ఒకే చప్పుడులా కలిసిపోయాయి. ఎక్కడున్నామో, పగలెంతయిందో మరిచిపోయే వేళకు చుక్కలు వచ్చాయి.

"గొల్లకావడి," అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి. చేతులు లేచాయి.

నేను ఆమె వైపు చూశాను. లాప్‌టాప్ వెలుగులో మొహం కొంచెం కనిపిస్తూ ఉంది. అందరూ ఎటు చూస్తే అటే చూస్తోంది. కానీ ఒక్క క్షణం ఆలస్యంగా. మాటలు వచ్చిన వైపు తల తిప్పుతోంది. తగిలించి ఉండీ సూది కదలని మీటరును నేను చాలాసార్లు చూశాను.

అంకె పెంచాను. మూడు. ఐదు. ఎనిమిది. ఎనిమిది దగ్గర ఆగి లోపల పది లెక్కపెట్టాను. ఆమె తల అట్లాగే మాటల వెంట తిరుగుతోంది. తొమ్మిది. పది.

"సార్, చుక్కలు ఉబ్బిపోతా ఉండాయి."

"ఇవి చుక్కలా, బొరుగులా?"

"బొరుగులేంది, ఇడ్లీలు."

డేరా నిండా నవ్వు. భాయ్ మైకు మూసి నా చెవి దగ్గర అన్నాడు. "చెప్పినా గదా తమ్ముడూ."

పన్నెండు చేశాను. చిన్న చుక్కలన్నీ ఉబ్బి ఒకదాన్నొకటి మింగేసి, తెల్లటి మరకలయ్యాయి. పెద్దవి దీపాల్లాగా వేలాడుతున్నాయి. అప్పుడు ఆమె తల ఆగింది. ఎవరి చేయీ చూపించని వైపు, సముద్రం మీద దక్షిణంగా ఒక్కటే ఉన్న పెద్ద చుక్క వైపు తిరిగి, అక్కడే ఉండిపోయింది. పక్కన బ్యాగు పిల్ల ఏదో అంటోంది, వినడం లేదు.

"తగ్గించండి సార్, బాగలేదు," అన్నాడొకడు. "మా ఊరి మీద ఇంత లావుండవు." "అవును సార్, దొంగ ఆకాశం." "తగ్గించండి, తగ్గించండి." చప్పట్లు కొడుతూ అందుకున్నారు. నా వేలు మీట మీద ఉంది. తగ్గిస్తే ఆమెకు పోతుంది. తగ్గించకపోతే ఎందుకో చెప్పాలి. చెప్పనని మాటిచ్చాను. జాబితాలో దీనికి అంకె లేదు.

"తగ్గించొద్దు సార్."

గొంతు పెద్దదేమీ కాదు. అయినా చప్పట్లు ఆగాయి.

"నాకు కనపడేవి ఇవే," అంది ఆమె. చుక్క మీది నించి కళ్ళు తిప్పలేదు. "చిన్నవి నాకు కనపడవు. బయట రాత్రిపూట ఒక్కటీ కనపడదు. చిన్నప్పటి నించి."

చీకట్లో ఎవరో కదిలారు.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"ఊరికే చెప్తా ఉండావు."

"ఊరికే ఏం కాదు," అంది బ్యాగు పిల్ల. "నన్నడుగు. రెండేళ్ళ నించి పట్టుకుని నడస్తా ఉంది, రెండు బ్యాగులు చిరిగినాయి."

ఎవరో ఫక్కుమన్నారు. ఇంకెవరో. ఆమె కూడా నవ్వినట్టుంది, పొట్ట కదలడం కనిపించింది. నేను మీట మీది నించి వేలు తీసేశాను.

"అయితే ఇటు చూడు," దొంగ ఆకాశమన్నవాడి గొంతే. "నీళ్ళ ట్యాంకుకు పైన. మూడు వరసగా ఉండాయి, చూసినావా?"

"ఉండాయి."

"అది గొల్లకావడి. వరసంటే ఆ మూడే. మిగిలినవి యాడంటే ఆడ ఉంటాయి."

"తెలస్తా ఉంది," అంది. కొంచెం ఆశ్చర్యంగా, కొంచెం నిరాశగా కూడా అనిపించింది నాకు. "ఎవరూ వరసలు సరిచేయలా."

"పిల్లలకోడి చూడు, దానికి పడమర. ఇప్పుడు ముద్దగా అయిపోయింది గానీ, నిజంగా ఆరుంటాయి."

"ఏడు."

"ఆరే, మా తాత లెక్కబెట్టినాడు."

"మీ తాతకు కళ్ళజోడుందిరా."

అక్కడి నించి కార్యక్రమం మా చేతిలో లేదు. భాయ్ మైకు ఆపి పక్కన పెట్టి, డేరా గుడ్డకు వీపానించి కూర్చున్నాడు. పిల్లలు ఆమెను అడిగేవాళ్ళు, ఇది కనపడతా ఉందా, అది కనపడతా ఉందా. ఆమె ఉంది అనేది, లేదు అనేది. లేదన్న ప్రతిదానికీ ఒకడు లేచి, ఇదో ఇక్కడ, అని గుడ్డ దగ్గరికి పోయి చేత్తో చూపించబోయేవాడు. కూర్చోమని అందరూ లాగేవాళ్ళు. డేరా ఊగేది, దానితో పాటు ఆకాశం ఊగేది. సముద్రం మీది పెద్ద చుక్కను ఏమంటారో ఎవరూ చెప్పలేకపోయారు. చేపలకు పోయేవాళ్ళ పిల్ల ఒకతి మాత్రం, దాన్ని చూసి మా నాయన ఒడ్డుకు తిరుగుతాడు, పేరు తెలియదు అంది. ఆమె సరేనంది.

ఇరవై నిమిషాలు ఎప్పుడో దాటాయి. బయట టెన్త్ వాళ్ళు గుడ్డ మీద తడుతున్నారు. నేను తెల్లవారనిచ్చాను. పెద్ద చుక్కలు ఒక్కొక్కటే పలచనవుతుంటే ఆమె చివరిదాకా చూసింది. అందరూ వంగి సొరంగంలోంచి బయటికి పోతున్నారు. ఆమె ఆగింది.

"ఇప్పుడు కూడా ఉంటాయా సార్ పైన? పగలు?"

"ఉంటాయి. ఎండకు కనపడవు."

"మీకు కూడానా?"

"ఎవరికీ."

తల ఊపింది. ఇంకేదో అడగబోయి, వంగి, సొరంగంలోకి దూరింది. భాయ్ లేచి ప్రొజెక్టరు అద్దం మీద దుమ్ము గుడ్డతో తుడిచాడు. తర్వాతి తరగతికి చుక్కల లావు తగ్గించమని మాత్రం అనలేదు.

నేను డేరా గుడ్డ దగ్గరే నిలబడి వింటూ ఉన్నాను. చెప్పులు వెతుక్కునే సందడి, తోసుకోవడం, మెట్ల మీద అడుగులు. ఏదో ఒక వెక్కిరింపు పేరు పుడుతుందని ఎదురుచూశాను. అట్లాంటివి మెట్ల మీదే పుడతాయి, నాది కూడా అక్కడే పుట్టింది. కింద నించి ఒక మగపిల్లవాడు గట్టిగా పిలిచాడు, త్వరగా రమ్మని, అన్నానికి వరస కట్టేస్తున్నారని. పిలిచింది ఆమెనే.

ఆమె పేరుతోనే పిలిచాడు, వాళ్ళమ్మానాన్న పెట్టిన పేరుతో.